ఏప్రిల్ ఫిల్మ్‌లో లేని పీక్ ఆగస్టు ఫిల్మ్‌లో ఎక్కడి నుంచి వచ్చింది?

అమ్మా, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. తర్వాత చదివేవాళ్ల కోసం ముందు దాన్ని క్లుప్తంగా చెప్తాను. హనుమకొండలో పీహెచ్‌డీ చేస్తున్నావు. పీఎంఎంఏ (పాలీమిథైల్ మెథాక్రిలేట్), పీవీడీఎఫ్ (పాలీవినైలిడీన్ ఫ్లోరైడ్) పాలిమర్లను 80:20 పాళ్లలో డీఎంఎఫ్ (డైమిథైల్ ఫార్మమైడ్) అనే ద్రావణిలో కరిగించి, గాజు పలక మీద పోసి, 60 డిగ్రీల ఓవెన్‌లో ఒక రోజు ఆరబెట్టి 50 మైక్రాన్ల ఫిల్మ్‌లు చేశావు. రెండు వైపులా అల్యూమినియం ఫాయిల్ అదిమిపెట్టి, 90 డిగ్రీల దగ్గర సెంటీమీటరుకు 20 కిలోవోల్టుల విద్యుత్ క్షేత్రంలో గంటసేపు ధ్రువణం చేసి (అంటే లోపలి ఆవేశాలను క్షేత్రం వైపు మళ్లించి), క్షేత్రం ఉంచే చల్లార్చావు. తర్వాత నిమిషానికి 3 డిగ్రీల చొప్పున వేడి చేస్తూ బయటికొచ్చే కరెంటును కొలిచావు. దీన్నే టీఎస్‌డీసీ (వేడి చేస్తే విడుదలయ్యే విధ్రువణ కరెంటు) కొలత అంటాం. ఏప్రిల్‌లో చేసిన ఫిల్మ్‌లలో 66 డిగ్రీల దగ్గర ఒకటే పీక్ ఉంది. ఆగస్టులో చేసిన వాటిలో అది 58కి జారింది, పైగా 110 దగ్గర ఇంకో పెద్ద పీక్ వచ్చింది. క్షేత్రాన్ని 100 కిలోవోల్టులకు పెంచితే రెండు ఫిల్మ్‌లలో కరెంటు దిశే తిరగబడింది. గైడ్ గారేమో రెండు పీక్‌లనూ ద్విధ్రువాలవే (ఒక కొస ధనం, ఇంకో కొస రుణం ఉన్న అణుగుంపులవే) అని రాసేయమన్నారు. సెమినార్ దగ్గర పడుతోందని టెన్షన్ పడుతున్నావు.

అలా రాయొద్దు. మొదటిది చాలావరకు ద్విధ్రువాలదే. రెండోది కాదు. ఎందుకు కాదో ఆ గ్రాఫ్‌లో పీక్ ఉన్న చోటు ఒక్కటీ చూసి ఎవరూ తేల్చలేరు. పీక్ ఎక్కడుందన్నది దాని పుట్టుక చెప్పదు. పరిస్థితి మారిస్తే అది ఎటు కదులుతుందన్నదే చెప్తుంది. ముప్పై ఏళ్లకు పైగా ఈ కొలతలే చేసినవాడిగా నేను నీకు చెప్పగలిగింది ప్రధానంగా ఇదే.

లోపల జరిగేది ముందు చూద్దాం. పీఎంఎంఏ గొలుసుకు పక్కన ఎస్టర్ గుంపులు వేలాడుతుంటాయి, వాటికి ద్విధ్రువం ఉంది. పీవీడీఎఫ్‌లో కార్బన్, ఫ్లోరిన్ బంధం ఉంది, దానికీ బలమైన ద్విధ్రువం ఉంది. గది వేడిమిలో ఈ గొలుసులు బిగుసుకుపోయి ఉంటాయి. మేడారం జాతరకు పోయే బస్సులో నిలబడ్డవాళ్లను గుర్తు తెచ్చుకో. కిటికీ అవతల ఎవరు పిలిచినా తల తిప్పగలరు గానీ ఒళ్లు తిప్పలేరు. బస్సు కాస్త ఖాళీ అయితేనే మనిషి అటు తిరుగుతాడు. పాలిమర్‌కు ఆ ఖాళీ దొరికే వేడిమే గ్లాస్ ట్రాన్సిషన్. ఆ వేడిమికి పైన క్షేత్రం పెడితే ద్విధ్రువాలు దాని వైపు మొగ్గుతాయి. క్షేత్రం తీయకుండా చల్లారిస్తే అదే భంగిమలో గడ్డకట్టిపోతాయి. అలా తయారైనదాన్నే ఎలక్ట్రెట్ అంటాం. ఆ పేరు పెట్టింది ఆలివర్ హెవిసైడ్, 1885లో. జపాన్‌కు చెందిన ఎగూచి మొదట చేసిన ఎలక్ట్రెట్ కార్నౌబా మైనం, రెసిన్ కలిపి కరిగించి పోసినది. అంటే ఈ విద్య మిశ్రమంతోనే మొదలైంది.

మళ్లీ వేడి చేస్తే గొలుసులు వదులై ద్విధ్రువాలు చెదిరిపోతాయి. అప్పుడు బయటి తీగలో చిన్న కరెంటు పారుతుంది. అదే నీ టీఎస్‌డీసీ పీక్. కాబట్టి అసలు పీక్ గ్లాస్ ట్రాన్సిషన్ దరిదాపుల్లో రావాలి. నీ బ్లెండ్‌కు, అంటే పాలిమర్ల మిశ్రమానికి, అది ఎంత ఉండాలో ఫాక్స్ సూత్రంతో లెక్క కట్టవచ్చు. పీఎంఎంఏకు 105 డిగ్రీలు, అంటే 378 కెల్విన్. పీవీడీఎఫ్‌కు మైనస్ 40, అంటే 233 కెల్విన్. 0.8ని 378తో, 0.2ని 233తో భాగించి, రెండూ కలిపి తిరగేస్తే 336 కెల్విన్ వస్తుంది, అంటే 63 డిగ్రీలు. నీ ఏప్రిల్ ఫిల్మ్ పీక్ 66 దగ్గర ఉంది. లెక్కకు ఇది బాగా సరిపోతోంది. ఈ రెండు పాలిమర్లూ అణువుల స్థాయిలో కలిసే జంట. పీవీడీఎఫ్ ఇంత తక్కువగా ఉన్నప్పుడు సాధారణంగా స్ఫటికాలు కూడా కట్టదు. కలిసిపోయిన బ్లెండ్‌కు గ్లాస్ ట్రాన్సిషన్ ఒకటే ఉంటుంది, ఆ పీకూ ఒకటే ఉంటుంది. పాలీస్టైరీన్, పీఎంఎంఏ జంట తీసుకుంటే కథ వేరు. అవి కలవవు, దేని గ్లాస్ ట్రాన్సిషన్ దానిదే.

ఇక ఆగస్టు సంగతి. ఏప్రిల్‌లో మన దగ్గర గాలి ఎంత పొడిగా ఉంటుందో నీకు తెలుసు, ఉతికిన చీర గంటలో ఆరిపోతుంది. ఆగస్టులో అదే చీర రెండు రోజులైనా చెమ్మగానే ఉంటుంది. డీఎంఎఫ్ గాల్లోని తేమను బాగా లాక్కుంటుంది. అది 153 డిగ్రీల దగ్గర మరిగే ద్రావణి కాబట్టి ఓవెన్‌లో మెల్లగా ఆవిరవుతుంది. అన్ని గంటలూ తేమ లోపలికి పోతూనే ఉంటుంది. ఈ రెండు పాలిమర్లకూ నీళ్లు పడవు. తేమ ఒక మోతాదు దాటగానే పాలిమర్ ద్రావణంలోంచి విడిపోయి సన్నని రంధ్రాలతో గడ్డకడుతుంది. ఏప్రిల్ ఫిల్మ్‌నూ ఆగస్టు ఫిల్మ్‌నూ పక్కపక్కన పెట్టి, కింద అచ్చు కాగితం ఉంచి చూడు. మొదటిదాని గుండా అక్షరాలు నల్లగా కనిపిస్తాయి. రెండోదాని గుండా గంజి నీళ్లలోంచి చూసినట్టు మసగ్గా కనిపిస్తాయనే నా అంచనా. ఆ మసక రంగు కాదు, లోపల లక్షల సరిహద్దులు ఏర్పడ్డాయని అర్థం.

బ్లెండ్‌లలో అసలు చిక్కు ఆ సరిహద్దుల దగ్గరే. చెలక నేలా రేగడి నేలా కలిసే గట్టు దగ్గర వాన పడ్డప్పుడు ఏమవుతుందో చూసే ఉంటావు. చెలకలో నీళ్లు తొందరగా ఇంకి పక్కకు సాగుతాయి. రేగడి దగ్గరికి రాగానే ఆగి నిలబడతాయి. విద్యుదావేశాలూ అంతే. ఒక భాగంలో వాహకత ఎక్కువ, పక్క భాగంలో తక్కువ అయితే, తేలిగ్గా నడిచిన ఆవేశం సరిహద్దు దగ్గర పోగుపడుతుంది. మాక్స్‌వెల్, వాగ్నర్, సిల్లర్స్ పేర్లతో పిలిచే ధ్రువణం ఇదే. వాహకతకూ పర్మిటివిటీకీ (క్షేత్రంలో పదార్థం ఎంత ధ్రువణమవుతుందో చెప్పే గుణానికీ) ఉన్న నిష్పత్తి రెండు భాగాల్లో ఒకటే అయితే ఈ పోగు ఏర్పడదు. అలాంటి జంట దొరకడం చాలా అరుదు. పాలిమర్ కొంత, రంధ్రం కొంత, మిగిలిన డీఎంఎఫ్, తేమ కొంత ఉన్న ఫిల్మ్‌లో అసలే ఉండదు.

మొదటి పీక్ 66 నుంచి 58కి జారడానికి కారణం కూడా ఆ మిగిలిన డీఎంఎఫే అయి ఉంటుంది. ద్రావణి మిగిలితే గొలుసులకు నూనె పూసినట్టే, ముందే వదులవుతాయి. 60 డిగ్రీల దగ్గర ఎన్ని రోజులు ఉంచినా అది పూర్తిగా పోదు. ఆరేకొద్దీ ఫిల్మ్ గ్లాస్ ట్రాన్సిషన్ పెరుగుతూ వచ్చి, ఓవెన్ వేడిమిని దాటగానే ఫిల్మ్ గాజులా బిగుసుకుంటుంది. మిగిలిన ద్రావణి లోపలే చిక్కుకుంటుంది. అందుకే చివరి దశలో శూన్యపు ఓవెన్‌లో 110 డిగ్రీల దగ్గర కనీసం ఒక రోజు ఉంచాలి. పోయిందో లేదో తెలియాలంటే ఐఆర్ (పరారుణ) స్పెక్ట్రమ్ తీయించు. పీఎంఎంఏ కార్బొనిల్ పట్టీ 1730 (తరంగ సంఖ్య, సెం.మీ.⁻¹) దగ్గర ఉంటుంది, డీఎంఎఫ్‌ది 1670 దగ్గర. ఆ రెండోది కనిపించినంత కాలం ఫిల్మ్ ఆరలేదనే లెక్క.

ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. నేను పరిశోధన మొదలుపెట్టిన రోజుల్లో మట్టం కోసం గాజు పలకను పాదరసం మీద తేలేసి దాని మీద ఫిల్మ్‌లు పోసేవాళ్లం. (ఇప్పుడు ఎవరూ చేయొద్దు, ఆ ఆవిరి విషం. స్పిరిట్ లెవెల్, కింద మూడు మరలు చాలు.) ఒక వానాకాలం మూడు నెలలు కష్టపడి పన్నెండు ఫిల్మ్‌లు కొలిచాను. అన్నింటిలోనూ 55 దగ్గర చక్కని పీక్. పక్క గుంపు తిరగడం వల్ల అని పేరు కూడా పెట్టేశాను. ఒకరోజు ఎలక్ట్రోమీటర్ (అతిచిన్న కరెంట్లు కొలిచే మీటరు) సరిగ్గా ఉందో లేదో చూద్దామని, ధ్రువణం అసలు చేయని కొత్త ఫిల్మ్‌ను పెట్టి ఊరికే వేడి చేశాను. అదే 55 దగ్గర, అదే పీక్. కాస్త పొట్టిగా, అంతే. నేను క్షేత్రం పెట్టకముందే ఆ కరెంటు ఫిల్మ్‌లో ఉంది. తర్వాత ఫిల్మ్‌ను వేడి చేయకముందూ చేశాకా తూచితే బరువు తగ్గింది. మూడు నెలలు నేను కొలిచింది చాలావరకు ఆరని ద్రావణినే. ఆ నోట్‌బుక్ ఇప్పటికీ నా దగ్గరుంది, ఆ పన్నెండు గ్రాఫుల మీద ఎర్ర సిరాతో అడ్డంగా గీసి ఉంటుంది.

అప్పటి నుంచి ఏ బ్యాచ్ చేసినా మొదటి రన్ ఖాళీ రన్. ఎలక్ట్రోడ్లు పెట్టి, క్షేత్రం లేకుండా, అదే వేగంతో వేడి చేయడం. నువ్వు పంపిన వివరాల్లో ఆ రన్ లేదు. రేపు పొద్దున్నే ముందు అది చెయ్యి.

తర్వాత 110 పీక్ సంగతి. దీనికి లెక్కతో ఒక పరీక్ష ఉంది, మన పరిశోధక విద్యార్థులు చాలామంది దీన్ని వదిలేస్తారు. పీక్ కింది వైశాల్యాన్ని వేడి చేసే వేగంతో భాగిస్తే బయటికొచ్చిన మొత్తం ఆవేశం వస్తుంది. నిమిషానికి 3 డిగ్రీలంటే సెకనుకు 0.05. నువ్వు ఇచ్చిన గ్రాఫ్‌లో రెండో పీక్ ఎత్తు 120 పికో ఆంపియర్లు, వెడల్పు సుమారు 25 డిగ్రీలు. గుణిస్తే 3000, దాన్ని 0.05తో భాగిస్తే 60,000 పికో కూలుంబులు, అంటే 60 నానో కూలుంబులు. ఎలక్ట్రోడ్ వైశాల్యం ఒక చదరపు సెంటీమీటరే కాబట్టి చదరపు సెంటీమీటరుకు 60. ఇప్పుడు ద్విధ్రువాలు ఎంత ఇవ్వగలవో చూడు. అవి తిరగడం వల్ల పర్మిటివిటీ 2 మేర పెరిగిందనుకుందాం. శూన్యపు పర్మిటివిటీతో, మీటరుకు 20 లక్షల వోల్టుల నీ క్షేత్రంతో గుణిస్తే చదరపు సెంటీమీటరుకు 3.5 నానో కూలుంబులు వస్తాయి. 2 బదులు 5 వేసుకున్నా 9 దాటదు. 60 ఎక్కడ, 9 ఎక్కడ! అంత ఆవేశం రావాలంటే అయాన్లు ఫిల్మ్ మందం గుండా నడిచి ఎలక్ట్రోడ్ల దగ్గరో, లోపలి సరిహద్దుల దగ్గరో పోగుపడాలి. ఇది స్పేస్ ఛార్జ్ పీక్. సెమినార్‌లో ఈ ఒక్క లెక్క బోర్డు మీద వేసి చూపించు. గైడ్ గారితో వాదించాల్సిన పని ఉండదు, ఆయనే ఒప్పుకుంటారు.

దాన్ని గట్టిపరచుకోవడానికి ఒక్కో పరిస్థితినీ విడివిడిగా మార్చాలి. ధ్రువణం చేసే వేడిమిని 65, 70, 80, 90గా మారుస్తూ వెళ్లు. ద్విధ్రువాల పీక్ తన చోటు వదలదు. వేడిమి గ్లాస్ ట్రాన్సిషన్‌ను దాటాక దాని ఎత్తు కూడా పెద్దగా పెరగదు. స్పేస్ ఛార్జ్ పీక్ మాత్రం నువ్వు వేడిమి పెంచేకొద్దీ పైకి జరుగుతూ లావెక్కుతుంది. నిజానికి 63 డిగ్రీల గ్లాస్ ట్రాన్సిషన్ ఉన్న ఫిల్మ్‌ను 90 దగ్గర గంటసేపు ఉంచడమే ఎక్కువ. మెత్తబడిన పాలిమర్‌లో అయాన్లకు అది బాట వేసి ఇచ్చినట్టు. తర్వాత క్షేత్రాన్ని 10, 20, 40 చేసి చూడు. క్షేత్రం రెండింతలైతే ద్విధ్రువాల ఆవేశం సరిగ్గా రెండింతలవుతుంది. ఆ గీత వంకర పోతే అనుమానించాలి. మందం కూడా మార్చు, క్షేత్రం అంతే ఉంచి 25 మైక్రాన్లు, 50, 100. ద్విధ్రువాల ఆవేశం చదరపు సెంటీమీటరుకు ఒకేలా ఉంటుంది, నడిచే ఆవేశాలది అలా ఉండదు. అన్నీ చేయడానికి సమయం లేకపోతే కనీసం వేడిమి, క్షేత్రం రెండూ వదలొద్దు.

రెండు పీక్‌లూ ఒకదాని మీద ఒకటి ఎక్కితే కడిగే పద్ధతి ఉంది. ధ్రువణం చేసిన ఫిల్మ్‌ను మొదటి పీక్ దాటేవరకూ, అంటే 80 వరకూ వేడి చేసి, వెంటనే చల్లార్చి, మళ్లీ మొదటి నుంచి వేడి చెయ్యి. మొదటిది పోయి రెండోది శుభ్రంగా కనిపిస్తుంది.

కరెంటు దిశ తిరగబడ్డ సంగతికి వస్తే, అది నీ మీటరు తప్పు కాదు. ద్విధ్రువాలు గానీ లోపలి అయాన్లు గానీ సర్దుకుంటే, ఎలక్ట్రోడ్ పక్కన దానికి వ్యతిరేక గుర్తున్న ఆవేశం చేరుతుంది. ఎలక్ట్రోడ్ నుంచే ఫిల్మ్‌లోకి ఆవేశం దూరితే అక్కడ అదే గుర్తు ఉంటుంది. మొదటిదాన్ని హెటెరోఛార్జ్ అనీ రెండోదాన్ని హోమోఛార్జ్ అనీ అంటాం. ఈ రెండూ కలిసి ఉంటాయని చూపించినవాడు బ్రెజిల్‌లో పనిచేసిన బెర్నార్డ్ గ్రాస్. తక్కువ క్షేత్రంలో మొదటిది గెలుస్తుంది, ఎక్కువ క్షేత్రంలో రెండోది. నీ విషయంలో ఇంకో కారణం కూడా ఉంది. ఫాయిల్ అదిమిపెట్టావు. ఎంత అదిమినా ఫిల్మ్‌కూ ఫాయిల్‌కూ నడుమ అక్కడక్కడా గాలి సందు మిగులుతుంది. ఆ సందులో క్షేత్రం ఫిల్మ్‌లో కంటే మూడు నాలుగు రెట్లు ఎక్కువ. అక్కడ గాలి తెగి (బ్రేక్‌డౌన్ అయి) కరెంటును పోనిచ్చిందంటే ఆవేశం ఫిల్మ్ పైపొర మీద చల్లినట్టు పడుతుంది. శూన్యంలో అల్యూమినియం పూత వేయించుకో. ఆ సదుపాయం దగ్గరలో లేకపోతే వెండి పేస్ట్ పలచగా రాసినా కొంత మేలు, అయితే అందులోని ద్రావణి కూడా పూర్తిగా ఆరాలి. ఫిల్మ్ అంచు వరకూ పూత రాకూడదు, చుట్టూ కనీసం 3 మిల్లీమీటర్లు వదలాలి. లేకపోతే వానాకాలంలో అంచు మీదుగా పాకే కరెంటునే నువ్వు కొలుస్తావు.

యాక్టివేషన్ ఎనర్జీ (ద్విధ్రువాలు కదలడానికి కావాల్సిన శక్తి) గురించి కూడా అడిగావు. ఏప్రిల్ పీక్ ఎక్కే మొదటి భాగంలో 45 దగ్గర 2 పికో ఆంపియర్లు, 55 దగ్గర 5 ఉన్నాయన్నావు. 2.5కు లాగరిథమ్ 0.916. 318, 328 కెల్విన్‌ల విలోమాల తేడా 0.0000959. భాగిస్తే 9,550, దాన్ని బోల్ట్‌జ్‌మన్ స్థిరాంకంతో గుణిస్తే 0.82 ఎలక్ట్రాన్ వోల్టులు. ఈ విలువతో పీక్ దగ్గర విశ్రాంతి కాలం కట్టు: 339 కెల్విన్, సెకనుకు 0.05 వేగం పెడితే 240 సెకన్లు వస్తుంది. అంటే 66 డిగ్రీల దగ్గర ఈ ద్విధ్రువాలు చెదరడానికి సుమారు నాలుగు నిమిషాలు పడుతుంది. కొలత వేగానికి ఇది సరిగ్గా సరిపోతుంది. రెండే బిందువులతో థీసిస్‌లో రాయకు, కనీసం పది తీసుకో. అదీ పీక్ ఎత్తులో పదిహేను శాతం లోపు భాగం నుంచే. ఈ 0.82ను ఒక గుంపు దాటాల్సిన గోడ ఎత్తు అని కూడా రాయకు. గ్లాస్ ట్రాన్సిషన్ దగ్గర గొలుసు ముక్కలు ఒకదాన్నొకటి లాక్కుంటూ కలిసి కదులుతాయి, అక్కడ అర్హీనియస్ గీత (కరెంటు లాగరిథమ్‌ను వేడిమి విలోమంతో గీసేది) నిజంగా తిన్నగా ఉండదు. విశ్రాంతి కాలాలు కూడా ఒకటి కాదు, వరుసగా పరచుకుని ఉంటాయి. అది ఆ పరిధికి సరిపోయే విలువ మాత్రమే అని స్పష్టంగా రాస్తే, చదివే పరీక్షకులు నిన్ను గౌరవిస్తారు.

కొలత గది గురించి రెండు మాటలు. పికో ఆంపియర్లు కొలిచేటప్పుడు కేబుల్ కదిలినా కరెంటు కనిపిస్తుంది, కాబట్టి దాన్ని టేబుల్‌కు టేపుతో కట్టెయ్యి, ఫ్యాను ఆపు. టెఫ్లాన్ దిమ్మెలను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, తర్వాత వేలితో ముట్టుకోకు. డెసికేటర్‌లో సిలికా జెల్ గులాబీ రంగుకు తిరిగితే అది పని చేయనట్టే. ఓవెన్‌లో 110 దగ్గర పెట్టి మళ్లీ నీలం రంగు వచ్చాకే వాడు. రన్ మధ్యలో కరెంటు పోతే, ఐదు నిమిషాల్లో వచ్చినా సరే, ఆ రన్ కొట్టెయ్యి. వేగం తెగిన గ్రాఫ్‌ను అతికించకూడదు.

ఆగస్టు ఫిల్మ్‌లను పారేయమని మాత్రం చెప్పను. ఒకే పాళ్లు, ఒకే పాలిమర్లు, ఒకే మనిషి. తేమ ఒక్కటే మారితే ధ్రువణం ఇంతలా మారిందని చూపించే అవకాశం అనుకోకుండా నీ చేతికొచ్చింది. దానికి ఒక అధ్యాయం పెట్టవచ్చు. ఒక ఆగస్టు ఫిల్మ్‌ను సగానికి కోసి, ఒక సగాన్ని శూన్యపు ఓవెన్‌లో 110 దగ్గర రెండు రోజులు ఉంచు. రెండో సగాన్ని అలాగే ఉంచి రెండింటినీ కొలువు. మొదటి పీక్ 58 నుంచి 66 వైపు తిరిగొస్తే ద్రావణి సంగతి రుజువైనట్టు. 110 పీక్ తగ్గినా పూర్తిగా పోకపోతే మిగిలినదాంట్లో రంధ్రాల సరిహద్దుల వాటా ఉండవచ్చు. ఒక ముక్కను ద్రవ నత్రజనిలో ముంచి విరిచి, అడ్డకోతను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూడు, రంధ్రాలుంటే కనపడతాయి.

ముందు ఖాళీ రన్ చెయ్యి, ఆ గ్రాఫ్ ఇక్కడే పెట్టు. వేడి చేయకముందూ చేశాకా ఫిల్మ్ బరువులు, ఐఆర్‌లో 1670 దగ్గర ఏముందో కూడా రాయి. సెమినార్‌కు ఇంకా మూడు వారాలుందన్నావు, ఈ పనులకు వారం చాలు. రాత్రి తొమ్మిది తర్వాత రోజూ చూస్తుంటాను.